రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లూ మన విచారణవాళ్లే: నగర విచారణల సేవా ప్రణాళికపై అపోహలు - వాస్తవాలు

జంట నగరాల్లో ఏ కతోలిక విచారణవాళ్లయినా (విచారణ అంటే ఒక గురువు కింద ఉండే గుడి ప్రాంతం, పారిష్) “వచ్చే ఐదేళ్లకు సేవా ప్రణాళిక వేద్దాం” అని కూర్చున్నారనుకోండి, మొదటి మీటింగులో వచ్చే ప్రశ్న ఒకటే: “మనకు ఎన్ని కుటుంబాలున్నాయి?” సెక్రటరీగారు రిజిస్టర్ తెరిచి ఒక సంఖ్య చదువుతారు. దాన్ని వార్డులతో భాగిస్తారు, ఒక్కో వార్డుకు ఇంత అని రాసుకుంటారు, టీ తాగి లేస్తారు. ప్రణాళిక అక్కడే దారి తప్పింది. ఆ తర్వాత ఎంత చెమటోడ్చినా తప్పు లెక్క మీదే పని నడుస్తుంది.

అపోహ: రిజిస్టర్‌లో పేరుండి, చందా కట్టే కుటుంబాలే విచారణ

కానే కాదు. కానన్ (కతోలిక సంఘ చట్టంలోని సూత్రం) 518 ప్రకారం విచారణ మామూలుగా ప్రాంతాన్ని బట్టి ఏర్పడుతుంది. ఆ హద్దుల్లో ఉన్న విశ్వాసులంతా దానివాళ్లే. కానన్ 102 ఇంకా విడమరచి చెబుతుంది: కనీసం మూడు నెలలు ఉందామని వచ్చినా, అనుకోకుండానే మూడు నెలలు గడిచిపోయినా, ఆ మనిషికి అక్కడ తాత్కాలిక నివాసం ఏర్పడినట్టే. ఆ నివాసం చాలు, అక్కడి విచారణ గురువు ఆయనకు సొంత గురువు అవుతారని కానన్ 107 అంటుంది. వీటిలో ఎక్కడా చందా పుస్తకం ఊసు లేదు. పేదల్ని, కష్టాల్లో ఉన్నవాళ్లని, ఒంటరివాళ్లని, సొంతచోటు వదిలి వచ్చినవాళ్లని వెతుక్కుంటూ వెళ్లమని కానన్ 529 విచారణ గురువుకు పనిగట్టుకుని చెబుతుంది.

ఇక నేల మీద సంగతి. హైదరాబాద్, సికింద్రాబాద్ రిజిస్టర్లలో కనిపించేది సొంతిల్లు ఉన్నవాళ్లు, పిల్లల్ని మన బడిలో చేర్చినవాళ్లు, పెళ్లికో మరోదానికో కాగితం అవసరం పడినవాళ్లు. కంటోన్మెంటు కాలం నుంచి ఉన్న తమిళ కుటుంబాలు, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా ఉంటారు. కనిపించనిది ఎవరు? ఆస్పత్రి హాస్టళ్లలో ఉండే కేరళ నర్సులు. సైట్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే జార్ఖండ్, ఒడిశా కూలీలు. సిమ్డేగా, గుమ్లా, సుందర్‌గఢ్ నుంచి వచ్చే ఆదివాసుల్లో కతోలికులు తక్కువేం కాదు. హోటళ్లలో, పార్లర్లలో పనిచేసే ఈశాన్య రాష్ట్రాల పిల్లలు. అపార్టుమెంటు వాచ్‌మన్ గదుల్లో కాపురముండే మన తెలుగువాళ్లు. వాచ్‌మన్ భార్య నాలుగిళ్లలో పాచిపని ముగించేసరికి పది దాటుతుంది, ఉదయం పూజ ఆమెకు లేనట్టే. “వాళ్లు గుడికి రారండీ” అని తేల్చేసేవాళ్లు ఈ గంటల లెక్క ఒకసారి చూసుకోవాలి.

రిజిస్టర్‌నే ఆధారం చేసుకుంటే ఫలితం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఫీజుల సాయం అడగడం తెలిసినవాళ్లకే మళ్లీ మళ్లీ అందుతుంది. వైద్య శిబిరానికి బీపీ మాత్రలు ఎలాగూ కొనుక్కోగలిగినవాళ్లే వస్తారు. రెండేళ్ల తర్వాత “ఎవరూ ఉపయోగించుకోవడం లేదు” అని కార్యక్రమం మూతపడుతుంది.

చేయాల్సిన పని ఇది. ముందు విచారణ సరిహద్దులు రాతపూర్వకంగా ఏమున్నాయో మేత్రాసన (బిషప్‌గారి) కార్యాలయంలో అడిగి తీసుకోండి. “ఆ రైల్వే గేటు దాకా మనదే” అన్న నోటి మాట మీద పోతే రెండు విచారణల మధ్య కాలనీలు ఎవరివీ కాకుండా మిగిలిపోతాయి. హద్దుల్ని పెద్ద షీటు మీద గీసి హాస్టళ్లు, ఆస్పత్రులు, నిర్మాణ సైట్లు, లేబర్ అడ్డాలు, బస్తీలు గుర్తు పెట్టండి. తర్వాత జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లలో గత మూడేళ్ల చిరునామాలు తీసి కుటుంబ రిజిస్టర్‌తో పోల్చండి. అక్కడుండి ఇక్కడ లేని పేర్లే మీ మొదటి జాబితా. మూడోది, ఆదివారం రానివాళ్లు కూడా వచ్చే రోజులు: క్రిస్మస్, మట్టల ఆదివారం, ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా జరిగే వేళాంగణి మాత నవదిన పూజలు, పండుగ. గేటు దగ్గర నాలుగు భాషల బోర్డుతో బల్ల వేసి మూడే మూడు అడగండి: పేరు, ఉండే చోటు, ఫోను. అంతకు మించి అడిగితే క్యూ పెరుగుతుంది, జనం పక్కనుంచి వెళ్లిపోతారు.

ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లడం. దీనికి దగ్గరిదారి లేదు. పేదల ఇళ్లకు వెళ్లి సాయపడేందుకు 1833లో పారిస్‌లో మొదలైన విన్సెంట్ డి పాల్ సభవాళ్లు ఇప్పటికీ ఇద్దరిద్దరుగానే వెళ్తారు, దానికి కారణం ఉంది: ఒకరు మాట్లాడుతుంటే మరొకరు వింటారు, బయటికి వచ్చాక విన్నది సరిచూసుకుంటారు. జంటలో ఒక స్త్రీ తప్పనిసరి. ఇద్దరిలో ఒకరికైనా ఆ ఇంటి భాష రావాలి. ఎవరి వీధికి వాళ్లని పంపొద్దు, పక్కింటివాళ్ల దగ్గర అప్పుల సంగతి ఎవరూ విప్పరు. ఒక్కో జంటకు నెలకు పన్నెండు ఇళ్లు చాలు, ఇంటికి ఇరవై నిమిషాలు. సెక్యూరిటీ గార్డులకు చాలాచోట్ల పన్నెండు గంటల డ్యూటీ కాబట్టి షిఫ్టు మారాక ఒక గంట తర్వాత వెళ్లండి. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాత దొరుకుతారు. నర్సుల హాస్టల్‌కి వార్డెన్‌తో ముందే మాట్లాడి వెళ్లండి.

అపోహ: “మీకేం కావాలి?” అని అడిగితే అవసరాలు తెలిసిపోతాయి

ఆ ప్రశ్నకు రెండే జవాబులు వస్తాయి. “ఏం వద్దండి, మా కోసం ప్రార్థన చేయండి” అనేది ఒకటి. రెండోది ఇల్లు, ఉద్యోగం, పెళ్లి ఖర్చులతో ఇంత పొడుగు జాబితా. రెండింటితోనూ ప్రణాళిక వేయలేం. జరిగిన దాన్ని అడగండి:

“గత మూడు నెలల్లో దేనికైనా అప్పు తెచ్చారా? దేనికి?” (జవాబు ఎక్కువగా ఆస్పత్రి, ఫీజు, ఊళ్లో చావు. వడ్డీ ఎంతని వాళ్లే చెబుతారు, మీరు అడగొద్దు.)
“రాత్రి పదకొండుకి పాపకి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?”
“ఇంట్లో మెట్లు దిగలేనివాళ్లున్నారా?”
“బడి మానేసిన పిల్లలెవరైనా ఉన్నారా? ఏ తరగతిలో మానేశారు?”
“పూజకి రావాలంటే ఏ రోజు, ఏ టైము కుదురుతుంది?”
చివరిగా: “వారానికి రెండు గంటలు మీరేం చేయగలరు?” దీన్ని వదలొద్దు. వాచ్‌మన్ గదిలో ఉండే మనిషి ఎలక్ట్రీషియన్ కావచ్చు. హాస్టల్ నర్సు నెలకోసారి మంచం పట్టిన పెద్దవాళ్లకి షుగర్ చూసిపెట్టొచ్చు. సాయం అందుకునేవాళ్ల జాబితా, సాయం చేసేవాళ్ల జాబితా వేరువేరుగా తయారయ్యాయంటే సర్వే సరిగా జరగలేదనే అర్థం.

ఒక్క గూగుల్ ఫారంతో పని కానిచ్చేద్దామనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఫారం పెట్టండి, తప్పులేదు. కానీ దాన్ని నింపేది ఇంగ్లిష్ పూజకు వచ్చే ముప్ఫై ఏళ్లవాళ్లు, వాళ్ల అవసరాలే చార్టులో పొడుగ్గా కనిపిస్తాయి. వచ్చిన ఫోను నంబర్లన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో పడేయడం మరో పొరపాటు. ఒక ఆడపిల్లకు తెలియని నంబరు నుంచి మెసేజ్ వెళ్లిందంటే ఆ హాస్టల్ మొత్తం మీకు మూసుకుపోయినట్టే.

ఇక్కడ ఒక భయం గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది చులకన చేస్తారు. “గుడి రిజిస్టర్‌లో పేరెక్కితే పిల్లల సర్టిఫికెట్‌కి ఇబ్బంది అవుతుందా?” అని గొంతు తగ్గించి అడిగే కుటుంబాలున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్లకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఈ తేడా ఒక పిల్లవాడి సీటు దగ్గర ఎంత పనిచేస్తుందో అనుభవించేవాళ్లకే తెలుసు. కాబట్టి ఫారంలో కులం గడి వద్దు, సర్టిఫికెట్ల ఫొటోలు వద్దు, ధైర్యం చెబుతున్నామనుకుని చట్టం మీద సొంత హామీలు అసలే వద్దు. నిజంగా సలహా కావాల్సినవాళ్లని లాయరు దగ్గరికి పంపండి. అలాగని కులం ఊసే ఎత్తొద్దని కాదు. భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటించింది. దాన్ని ముందు పెట్టుకుని పారిష్ కౌన్సిల్లో (విచారణ సలహా మండలిలో) కుర్చీలు ఎవరివో చూసుకోండి. మాట్లాడాల్సిన చోటు అది.

అపోహ: అందరికీ తెలుగో ఇంగ్లిషో వస్తుంది, ఒక్క మీటింగు చాలు

కూరగాయల బేరానికి సరిపోయే తెలుగు వేరు, కొడుకు తాగుడు గురించి చెప్పుకోవడానికి కావాల్సిన భాష వేరు. ఇంగ్లిష్‌లో పది నిమిషాలు మాట్లాడి, “అంటే ఏంటంటే...” అని తెలుగులో ఒక్క నిమిషం చెప్పే మీటింగులో తెలుగువాళ్లు కూడా నోరు విప్పరు. భాషవారీగా బల్లలు వేయండి, బల్లకు ఎనిమిది మంది. చర్చ వాళ్ల భాషలోనే జరగాలి, రాసేదీ వాళ్ల భాషలోనే. చదివి వినిపించేది ఆ బల్ల మనిషే, దాన్ని అనువదించే పని మరొకరిది. మొదటి మాట ఎప్పుడూ చిన్న గుంపుకి ఇవ్వండి. ఇంగ్లిష్ బల్ల ఆఖరున.

అపోహ: కౌన్సిల్ ఓటేస్తే ఫాదర్‌గారు చేసి తీరాలి. లేదా, కౌన్సిల్ వట్టి అలంకారం

రెండూ తప్పే. కానన్ 536 ప్రకారం పారిష్ పాస్టరల్ కౌన్సిల్‌ది సలహా ఓటే. ఆర్థిక మండలి మాత్రం ప్రతి విచారణలోనూ ఉండి తీరాలని కానన్ 537 చెబుతుంది. 2024 అక్టోబరులో రోమ్‌లో ముగిసిన సినడ్ (బిషప్పుల ప్రపంచ సభ) తుది పత్రం ఇలాంటి మండళ్లన్నీ తప్పనిసరి కావాలని గట్టిగా కోరింది. ఆచరణలో చేయాల్సింది ఒకటే: సలహా తీసుకోనప్పుడు కారణం మినిట్స్‌లో రాయించండి. ఫాదర్‌గారు బదిలీ అయినప్పుడు కొత్తవారికి తాళాలతో పాటు అందాల్సింది ఆ మినిట్స్ పుస్తకమే.

అపోహ: ముందు హాలు కడదాం, సేవ దానంతటదే వస్తుంది

హాలు వస్తుంది, రిసెప్షన్లు వస్తాయి. సాయంత్రం ట్యూషన్ పిల్లలు ముహూర్తాల సీజన్లో మెట్ల మీద కూర్చుంటారు. కట్టడానికి ముందు మూడేళ్ల నిర్వహణ ఖర్చు రాయండి: ముప్ఫై మంది పిల్లల ట్యూషన్‌కి ఇద్దరు టీచర్ల గౌరవవేతనం, చిరుతిండి, కరెంటు, పుస్తకాలు. నెల ఖర్చును ముప్ఫై ఆరుతో హెచ్చించి పదో వంతు కలపండి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేకపోతే శంకుస్థాపన రాయి చెక్కించొద్దు. ఉన్న క్లాసు గదుల్లోనే ఆరు నెలలు నడిపి చూడండి.

“విదేశీ నిధులు తెస్తాం” అనేవాళ్లకి: ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా పైసా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అమెరికాలో ఉన్న మన విచారణ పిల్లలు పంపేదాని సంగతి తరచుగా అడుగుతారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. రసీదు రాసే ముందు పాస్‌పోర్టు కాపీ అడగండి, మొహమాటపడొద్దు.

ఒక ప్రయోజనం కోసం ఇచ్చిన కానుక దానికే వాడాలని కానన్ 1267 ఆదేశం. అంతోనివారి రొట్టె పేరుతో పేదల కోసం పెట్టిన పెట్టెలో పడ్డ డబ్బు మైకుసెట్టుకి పోకూడదు. లెక్కలు విశ్వాసులకు చెప్పాలని కానన్ 1287 అంటుంది. నోటీసు బోర్డు మీద మూడు నెలలకోసారి ఒక్క పేజీ అతికిస్తే సగం గుసగుసలు ఆగిపోతాయి.

మిగతావి క్లుప్తంగా. సీరో-మలబార్ రీతికి (కేరళలో పుట్టిన తూర్పు కతోలిక సంప్రదాయానికి) చెందిన మలయాళీ కుటుంబాలు ఏళ్ల తరబడి మన లాటిన్ రీతి పూజకు వచ్చినా వాళ్ల రీతి మారదు, కానన్ 112 ఆ మాటే చెబుతుంది. సీరో-మలబార్ వారికి శంషాబాద్‌లో 2017 నుంచి సొంత పీఠం ఉంది. పెళ్లి కాగితాల విషయంలో అక్కడివారితో మాట్లాడాలి, సేవలో కలిసి పనిచేయడానికి అడ్డేమీ లేదు.

“హిందువులకి, ముస్లింలకి చేస్తే మనవాళ్లకి తగ్గుతుంది” అనే లెక్క ట్యూషన్‌కీ షుగర్ పరీక్షకీ పనికిరాదు. అదే గది, అదే టీచరు. సాయానికి బదులుగా ప్రార్థనకి రమ్మనడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. విశ్వాసం విషయంలో బలవంతం కూడదని కానన్ 748 ఎప్పుడో చెప్పింది.

పిల్లలతో ఏ కార్యక్రమమైనా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ఫైల్లో ఉండాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. “ముందు ఫాదర్‌గారిని అడుగుదాం” అనే వెసులుబాటు ఆ సెక్షన్‌లో లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గది తలుపు మీద, పిల్లల కంటి ఎత్తులో అతికించండి.