శుక్రవారం బిర్యానీ గురించి తాత రాసిన ఉత్తరం

చిత్తూరు,
విభూది బుధవారం మర్నాడు.

పిల్లలూ,

నిన్న రాత్రి ఫోన్లో ముగ్గురూ ఒక్కసారిగా మాట్లాడేసరికి నాకు సగం వినపడలేదు. వినపడినంతలో సంగతి ఇదీ. తిరుపతిలో పెద్దదాని హాస్టల్లో శుక్రవారం మధ్యాహ్నం చికెన్ బిర్యానీ పెడతారట, తినొచ్చా అని దాని టెన్షన్. నడిపివాడికి గుడ్డు సంగతి తేలాలి. చిన్నది తపస్సుకాలమంతా, అంటే విభూది బుధవారం నుంచి పాస్కా (ఈస్టర్) దాకా, ఉపవాసం ఉంటానంటోంది, వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు. ఫోన్లో చెబితే ముగ్గురూ మూడు రకాలుగా వింటారని రాస్తున్నాను.

ఉపవాసం ఒకటి, మాంసం మానడం ఇంకొకటి. మనవాళ్ళు రెండూ కలిపేసి ‘ఒక్కపొద్దు’ అనేస్తారు. మన శ్రీసభ (కతోలిక సభ) చట్టం ప్రకారం ఉపవాసం ఏడాదికి రెండే రోజులు: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజుల్లో కడుపు నిండా ఒక్కపూటే తినాలి. మిగతా రెండు పూటలా కాస్త ఏదైనా నోట్లో వేసుకోవచ్చు కానీ, ఆ రెండూ కలిపినా ఒక భోజనమంత కాకూడదు. ఇది 18 నిండినవాళ్ళకి, 59 నిండేదాకా. మాంసం మానడం 14 నిండిన దగ్గర్నుంచి మొదలవుతుంది, దానికి రిటైర్‌మెంట్ లేదు. ఆ రెండు రోజులతో పాటు ప్రతి శుక్రవారం మానాలి, యేసు ప్రాణం విడిచిన రోజు కాబట్టి. తపస్సుకాలంలో మానితే చాలని చాలామంది అనుకుంటారు, 1983 నాటి చట్టంలో మాత్రం ఏడాది పొడుగునా అనే ఉంది. మార్చి 19 జోజప్ప (యేసు పెంపుడు తండ్రి) పండుగో, 25 మంగళవార్త (యేసు పుడతాడని మరియమ్మకి దేవదూత చెప్పిన రోజు) పండుగో, క్రిస్మసో మామూలు శుక్రవారం పడితే ఆ రోజు మినహాయింపు. ఏ దేశం బిషప్పులైనా మాంసానికి బదులు వేరే తపస్సు చెప్పే వీలు కూడా ఉంది, అది మీ విచారణ (పారిష్) ఫాదర్ని అడగండి.

నడిపివాడా, నీ గుడ్డుకి ఏ దోషమూ లేదు. 1966లో పోపు ఆరవ పౌలు ఇచ్చిన ఉత్తర్వులో గుడ్లు, పాలు, పెరుగు, తాలింపుకి వాడే జంతువుల కొవ్వు నిషేధంలోకి రావని రాసి ఉంది. చేపా తినొచ్చు. అలాగని మద్రాసు నుంచి ఐసులో వచ్చే వంజరం కొని, అరకిలో వేపుడు చేసుకుని ‘ఈ రోజు తపస్సు’ అనేవాళ్ళనీ చూశాను. చట్టం వాళ్ళనేమీ అనదు, నాకే నవ్వొస్తుంది. ఆ పూట మీ అవ్వ రాగి సంగటి, ఊరిమిండి పెడుతుంది. మీరేమో అదే పండుగంటారు, నేనేం చేసేది?

పెద్దదానా, ‘ముక్కలు పక్కన పెట్టి కుస్కా తింటే?’ అని అడిగావు చూడు, అది వకీలు ప్రశ్న. ముక్క వదిలేసి దాని రసం జుర్రుకోవడం నాకు రుచించదు. మెస్సులో పెరుగన్నం ఉంటుంది కదా. పెరటాసి నెల శనివారాల్లో నీ రూమ్మేట్ గోవిందుడి పేరు చెప్పి మాంసం ముట్టదన్నావు. ఆ పిల్ల ఎవరికైనా సంజాయిషీ చెప్పుకుందా? తిరుపతిలో ఒక రోజు మాంసం వద్దంటే ‘ఎందుకు’ అని అడిగేవాళ్ళు తక్కువ. ఒకవేళ నిజంగానే ఆ పూట ఇంకేమీ దొరక్కపోతే, మాడిపోకుండా ఉన్నదే తిను.

పూజకి ముందు మానాల్సింది మరొకటుంది, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకునే గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్ళు, మందులు పర్వాలేదు. మా చిన్నప్పుడు అర్ధరాత్రి నుంచే ఉండేది. మా అమ్మ పొద్దున నోరు పుక్కిలిస్తూ చుక్క నీళ్ళు గొంతులోకి జారితే, మూడు మైళ్ళు నడిచి గుడికి వెళ్ళి కూడా సత్ప్రసాదం తీసుకోకుండా వచ్చేసేది. 1953లో నీళ్ళు తాగొచ్చన్నారు, 1957లో మూడు గంటలు చాలన్నారు, 1964లో గంటకి తగ్గించారు. రోమ్‌లో మారినా మా అమ్మ వంటింట్లో మారలేదు. పోయేదాకా అర్ధరాత్రి లెక్కే. అది ఆమె ఇష్టంగా పెట్టుకున్న నియమం, మీ మీద ఎవరూ రుద్దరు.

ఇక చిన్నదానికి. నా 63వ ఏట, షుగర్ మాత్ర వేసుకుని, గుడ్ ఫ్రైడే నాడు పచ్చి మంచినీళ్ళతో ఉన్నాను. చట్టం నన్నడగలేదు, వయసూ దాటింది, జబ్బూ ఉంది. సిలువ మార్గంలో (యేసు సిలువ మోసిన దారిని స్థలం స్థలం దగ్గర ఆగి తలుచుకునే ప్రార్థనలో) తొమ్మిదో స్థలం దగ్గర, యేసు మూడోసారి పడినచోట, నేనూ పడ్డాను. ఎవరో నోట్లో బెల్లం ముక్క పెట్టారు. కళ్ళు తెరిచేసరికి ఫాదర్ కోపంగా చూస్తున్నారు. ‘భక్తా, పౌరుషమా?’ అన్నారు. రెండోదే అని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకని పదకొండేళ్ళ నీకు పస్తులు వద్దు. పాస్కా దాకా ఐస్‌క్రీం మానెయ్, ఆ డబ్బులు గుడిలో ఇచ్చిన అట్టడబ్బాలో వెయ్. బుధవారం నుంచి పాస్కాకి ముందు రోజు దాకా లెక్కేస్తే 46 రోజులొస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం ఉపవాస దినం కాదు, కావాలంటే ఆ రోజు తిను. (నువ్వు తింటావనే అనుకుంటున్నా.)

నిన్న గుడి నుంచి నుదుట బూడిదతో వస్తుంటే పాలాయన సైకిలాపి, ‘ఏం సామీ, శివుడి పార్టీలోకి మారిపోయినారా?’ అన్నాడు. నిరుడు మట్టల ఆదివారం ఇంటికి తెచ్చుకున్న ఆకుల్ని కాల్చి చేసిన బూడిద అని చెప్పాను. ‘మీదీ మట్టిలో కలిసేదే కదా, మాదీ అంతే’ అని బెల్లు కొట్టుకుంటూ పోయాడు. పూజలో అప్పుడే విన్న సువిశేషం (బైబిల్లో యేసు మాట), ఉపవాసమున్నప్పుడు మొహం కడుక్కుని తలకి నూనె రాసుకో అనేది. ఇంటికొచ్చి కడుక్కుందామా వద్దా అని అద్దం ముందు కాసేపు నిలబడ్డాను. మీ అవ్వ ‘కాఫీ చల్లారిపోతోంది’ అనడంతో కడిగేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి వస్తారుగా. తిరుపతి బస్సు ఆలస్యమైతే ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు చక్కెర లేని బిస్కెట్లు రెండు పొట్లాలు తెండి, మా వీధిలో అయిపోయాయి.

మీ తాత