సర్వైవల్ గేమ్ మనమే చేద్దాం అనుకునేవాళ్ల కోసం: అపోహలు - వాస్తవాలు

పగలు ఒక ఆఫీసులో జీతాల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా నా గేమ్ చేసుకుంటా, నాలుగేళ్లుగా ఇదే వరస. ఉండేది బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో, మా వీధి నిండా మన తెలుగు పిల్లలే, కోర్సులు చేస్తూ ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉంటారు. ఆంధ్రా మెస్‌లో పక్కన కూర్చున్నవాడెవరో "అన్నా, నువ్వు గేమ్స్ చేస్తావంట కదా, మేము కూడా మైన్‌క్రాఫ్ట్ లాంటిది ఒకటి చేద్దాం అనుకుంటున్నాం" అని మొదలుపెడతాడు, పప్పన్నం అయ్యేలోపు ఎప్పుడూ వినే మాటలే మళ్లీ వస్తాయి. మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులు తవ్వి, పేర్చి కట్టుకునే గేమ్, సర్వైవల్ గేమ్ అంటే దొరికినవి పోగేసుకుని, ఆకలి దాహం తట్టుకుని బతకాల్సిన గేమ్. ఆ ఉత్సాహం చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది, కానీ ఆ నమ్మకాల్లో సగం వాళ్లని మూడు నెలలకే మానేసేలా చేస్తాయి, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నా గేమ్ సంగతి ముందే చెప్తా, కింద ఉదాహరణలన్నీ దాన్లోవే. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఎండాకాలం, ఎండిపోయిన చెరువు, ఒక మనిషి, అతను రాళ్లు మట్టి కట్టె పోగేసుకుని మిద్దె కట్టుకోవాలి, నీళ్లు వెతుక్కోవాలి. ఆకలి కన్నా దాహం పెద్ద సమస్య.

అపోహ: లెక్కల్లో పులి అయితేనే గేమ్స్ చేయగలం

రోజూ వాడే లెక్కలు ఇంటర్‌లో చదివినవే, వెక్టార్లు, కోణాలు, శాతాలు. కష్టం లెక్కలో కాదు, ఏ లెక్క ఎక్కడ పెట్టాలో తెలియకపోవడంలో ఉంటుంది. మొదటి ఏడాది నా గేమ్‌లో జింక నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచేది, ఫ్రెండ్ రూమ్‌కి తీసుకెళ్లి వాడి 144 హెర్ట్జ్ మానిటర్ మీద పెడితే అదే జింక బాణంలా పోతోంది, మనిషికి దాహం కూడా అంతే వేగంగా వేసి రెండు నిమిషాల్లో చచ్చిపోతున్నాడు. నేను రాసింది "ప్రతి ఫ్రేమ్‌కి ఇంత కదులు, ఇంత దాహం పెంచు" అని. ఫ్రేమ్ అంటే స్క్రీన్ మీద ఒకసారి గీసే బొమ్మ. నా స్క్రీన్‌లో సెకనుకి 60 ఫ్రేములు, వాడి దాంట్లో 144, అంటే అన్నీ 2.4 రెట్లు. ముందటి ఫ్రేమ్‌కి ఇప్పటికి ఎంత టైమ్ గడిచిందో దాంతో గుణిస్తే సరిపోయింది, ఒక్క గుణకారం. మైన్‌క్రాఫ్ట్ అయితే ఇంకో దారి పట్టింది, స్క్రీన్ ఎంత వేగంగా తిరిగినా లోపల గేమ్ లెక్క సెకనుకి 20 సార్లే జరుగుతుంది, అందుకే అక్కడ ఒక పగలూ రాత్రీ కలిపి ఎవరికైనా 20 నిమిషాలే.

కొండలు లోయలు పుట్టించే లెక్క మాత్రం చూడ్డానికి భయపెడుతుంది. దానికి ఎక్కువగా వాడేది పెర్లిన్ నాయిజ్, కెన్ పెర్లిన్ అనే ఆయన 1980ల మొదట్లో సినిమా గ్రాఫిక్స్ మరీ మెషీన్ చేసినట్టు ఉంటున్నాయని కనిపెట్టింది. గేమ్ ఇంజిన్లలో, అంటే గేమ్ చేయడానికి వాడే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లలో, అది రెడీగా ఉంటుంది, మనం సీడ్ నంబర్, అంటే లెక్క మొదలయ్యే నంబర్ ఒకటి ఇస్తే చాలు. అది ఇష్టమొచ్చినట్టు వచ్చే ర్యాండమ్ కూడా కాదు, అదే సీడ్ ఇస్తే అదే కొండ, అదే చెరువు, ఎన్నిసార్లైనా.

అపోహ: ముందు కరెక్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి, లేకపోతే టైమ్ వేస్ట్

ఈ ఒక్క ప్రశ్న మీదే ఆరు నెలలు వీడియోలు చూసినవాళ్లు నాకు తెలుసు. వాల్‌హైమ్, రస్ట్, సబ్‌నాటికా, రాఫ్ట్ అనే పేరున్న సర్వైవల్ గేమ్‌లన్నీ యూనిటీ అనే ఇంజిన్‌లో చేసినవే. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ప్రతి ఇన్‌స్టాల్‌కి ఫీజు అని ప్రకటిస్తే పెద్ద గొడవై ఏడాది తర్వాత దాన్ని పూర్తిగా రద్దు చేశారు, ఆ గొడవ టైమ్‌లోనే నేను యూనిటీ వదిలి గొడో అనే ఇంకో ఇంజిన్‌కి మారా. గొడో ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, డబ్బులు అడిగేవాళ్లు ఉండరు. మారడానికి నాకు పట్టింది రెండు నెలలు, కానీ అంతకుముందు నేర్చుకున్న ఆలోచన ఏదీ పోలేదు, మిద్దె ఎలా నిలబడాలి, దాహం ఎంత వేగంగా వేయాలి అన్నవి ఏ ఇంజిన్‌లోనూ ఉండవు, అవి నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఏదో ఒకటి పట్టుకోండి.

అపోహ: చెట్టు కొట్టు, గోడ పెట్టు, ఇంతే కదా సర్వైవల్ గేమ్

నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటా.

గోడ పెట్టడం రెండు రోజుల పని. ఆ గోడ ఎందుకు నిలబడింది అన్నదానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మైన్‌క్రాఫ్ట్‌లో ఇసుక, కంకర లాంటి కొన్ని తప్ప మిగతా బ్లాకులు గాల్లోనే ఉండిపోతాయి, కింద అన్నీ తీసేసినా పైది పడదు, ఆ స్వేచ్ఛే ఆ గేమ్ అందం. వాల్‌హైమ్‌లో అలా కుదరదు, నేలని తాకిన ముక్క నీలం రంగులో కనిపిస్తుంది, నేలకి దూరమయ్యే కొద్దీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఇంకా ముందుకు పెడితే విరిగిపోతుంది. వాన తగిలితే కట్టె పాడవుతుంది కాబట్టి కప్పు కావాలి, లోపల నిప్పు పెట్టుకుంటే పొగ బయటికి పోయే దారి కావాలి. మూడే మూడు నియమాలు, వాటి మధ్య ఇరుక్కుని ఆడేవాడు తనంతట తాను ఇల్లు కట్టడం నేర్చుకుంటాడు, ఎవరూ పాఠం చెప్పరు.

నాకు మా తాత మిద్దె గుర్తొచ్చింది. రాతి గోడలు, వాటి మీద దూలం, దూలం మీద దంతెలు అంటే అడ్డంగా పరిచే సన్న కట్టెలు, పైన చౌడు మట్టి. దూలం లేకుండా మట్టి నిలవదు. దీన్నే కోడ్‌లో పెట్టా: నేలని తాకిన ముక్కకి బలం 100, పక్క ముక్కకి దాన్నుంచి కొంత తగ్గి, రాయి అయితే తక్కువ తగ్గి, కట్టె అయితే ఎక్కువ తగ్గి, సున్నాకి వస్తే కూలిపోవాలి. ప్రతి ముక్కా తన పక్కవాటిని అడిగి బలం తెచ్చుకునేలా రాశా. బాగానే పనిచేస్తోంది అనుకున్నా. ఒకరోజు పరీక్ష కోసం కింది గోడ తీసేస్తే పైన రెండు దంతెలు అలాగే గాల్లో నిలబడ్డాయి. ఎంతసేపు చూసినా పడవు. అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రతి ముక్క మీదా దాని నంబర్ రాయించి చూస్తే అప్పుడు అర్థమైంది, మొదటి దంతె రెండోదాన్ని చూసి నాకు బలముంది అంటోంది, రెండోది మొదటిదాన్ని చూసి అదే మాట అంటోంది, నేల సంగతి రెండింటికీ పట్టలేదు. తర్వాత తిరగరాశా, గోడ తీసిన ప్రతిసారీ ఆ ఇంటి బలాలన్నీ చెరిపేసి నేల నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్కకీ పంచుకుంటూ పైకి వెళ్లడం, నేల నుంచి బలం అందని ముక్క పడిపోవడం. దంతెలు కింద పడి దుమ్ము లేచినప్పుడు కలిగిన సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా లేదు.

అపోహ: గ్రాఫిక్స్ అదిరిపోవాలి, లేకపోతే ఎవరూ ఆడరు

వాల్‌హైమ్ 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మొత్తం సైజు ఒక జీబీ, చేసినవాళ్లు ఐదుగురు, నెలలో 50 లక్షల కాపీలు పోయాయి. దగ్గరికెళ్లి చూస్తే బొమ్మలు మొరటుగానే ఉంటాయి, వెలుతురు మీద మాత్రం బాగా శ్రద్ధ పెట్టారు. నా అనుభవంలో బొమ్మ కన్నా శబ్దం ఎక్కువ పని చేస్తుంది. నా గేమ్‌లో చెట్టు కొడుతుంటే చేతికి ఏమీ తగిలినట్టు ఉండేది కాదు. మడివాళ మార్కెట్ దగ్గర ఎళనీరు అమ్మే పెద్దాయన్ని అడిగి, ఫోన్ దగ్గరగా పెట్టి, ఆయన బోండాం చెక్కుతుంటే కత్తి దెబ్బలు రికార్డ్ చేసుకున్నా, ఇరవై దెబ్బల్లో ఐదు ఏరుకున్నా. వాటిని మార్చి మార్చి వాడి, గొడ్డలి తగిలిన క్షణం బొమ్మని ఓ మూడు ఫ్రేములు ఆపి, రెండు చెక్కముక్కలు ఎగిరేలా చేస్తే చెట్టు బొమ్మ అదే ఉన్నా అందరూ "చెట్టు మార్చావా?" అని అడిగారు.

అపోహ: పెద్ద కంప్యూటర్ కావాలి

నాది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మొదట్లో ఒక్కో బ్లాక్‌ని ఒక్కో వస్తువుగా పెట్టి ఎనిమిది వేలు దాటగానే ఫ్యాన్ అరుస్తోందని కొత్తది కొనాలనుకున్నా, కానీ తప్పు మెషీన్‌ది కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక చంక్ అంటే 16 పొడవు, 16 వెడల్పు, ఇప్పుడు ఎత్తు 384, అంటే 98,304 బ్లాకులకి చోటు, అలాంటి చంకులు చుట్టూ వందలు. అయినా నడుస్తోందంటే బ్లాక్ బ్లాక్‌కీ విడిగా గీయరు, కళ్లకి కనిపించే ముఖాలు మాత్రమే ఏరి, చంక్‌ని కొన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒకే బొమ్మలా కలిపి గీస్తారు. అదే చేశా, అదే ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తోంది. డబ్బు దాచుకోండి.

అపోహ: సేవ్, మల్టీప్లేయర్ లాంటివి చివర్లో కలుపుకోవచ్చు

సేవ్ గురించి నా దగ్గర గట్టి పాఠమే ఉంది. వస్తువులకి వరసగా నంబర్లు ఇచ్చా, 1 కట్టె, 2 రాయి, 3 రాతి గోడ, ఇలా. సేవ్ ఫైల్‌లో ఆ నంబర్లే రాసేవాణ్ణి. తర్వాత పొయ్యి అని కొత్త వస్తువు జాబితా మధ్యలో పెట్టా. పాత సేవ్ తెరిస్తే నేను మూడు వారాలు ఆడి కట్టుకున్న మిద్దెలో రాతి గోడలన్నీ పొయ్యిలైపోయి వరసగా మండుతున్నాయి. ఇప్పుడు నంబర్లకి బదులు పేర్లు రాస్తా, ప్రతి సేవ్ మొదట్లో వెర్షన్ నంబర్ వేస్తా, పాత వెర్షన్ కనిపిస్తే మార్చి తెరిచే కోడ్ ఉంటుంది. సేవ్ మొదటి నెలలోనే పెట్టండి. మల్టీప్లేయర్ అయితే ఇంకా ముందే, మొదటి రోజే తేల్చుకోండి, ఎందుకంటే "ఈ చెట్టు పడిపోయింది" అన్న మాట ఎవరి కంప్యూటర్ చెప్తే అది నిజం అన్న ప్రశ్న ప్రతి లైన్‌లోకీ పాకుతుంది. నేను వద్దనుకున్నా, నా గేమ్ ఒంటరి మనిషి కథ.

అపోహ: ఎక్కువ ఆడితే చేయడం అదే వస్తుంది

వేల గంటలు ఆడా, అదే రాలేదు. వచ్చింది ఎప్పుడంటే నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఆడినప్పుడు. సబ్‌నాటికా సముద్రం లోపల సాగే గేమ్, అందులో మొదట్లో నీళ్లలో ఊపిరి 45 సెకన్లు. స్టాప్‌వాచ్ పెట్టుకుని ఈదితే తెలిసింది, మొదట కావలసినవన్నీ ఆ 45 సెకన్లలో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి, చిన్న ఆక్సిజన్ ట్యాంక్ చేసుకుంటే 75 అవుతుంది, అప్పుడు ఇంకాస్త లోతు తెరుచుకుంటుంది. గేట్లు, తాళాలు ఏమీ లేవు, ఊపిరే తాళం. అది చూశాకే నా గేమ్‌లో మనిషికి ఒక చెంబు నీళ్లతో ఎంత దూరం నడవగలడో అంత దూరంలో మొదటి బావి పెట్టా, కడవ చేసుకుంటే రెండోది.

ఇంకొకరు ఆడుతుంటే వెనక నుంచి చూడటం దీనికన్నా మంచి చదువు. ఎండాకాలం సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు, ఎనిమిదో క్లాసు. ఏమీ చెప్పకుండా ల్యాప్‌టాప్ ఇచ్చి వెనక కూర్చున్నా. వాడు చకచకా నాలుగు గోడలు, కప్పు వేసి, వాకిలి పెట్టకుండా లోపలే ఉండిపోయాడు. గోడ తీయాలంటే సుత్తి కావాలి, సుత్తి బయట పెట్టెలో ఉంది. "మామా, బయటికి ఎట్ల రావాలా?" అన్నాడు. నోరు విప్పకుండా కూర్చోవడం చాలా కష్టమైంది. వాడు ఓ పది నిమిషాలు గోడలన్నీ చేత్తో కొట్టి, దాహంతో మనిషి చనిపోయాక ల్యాప్‌టాప్ మూసేశాడు. నాలుగేళ్లలో ఈ పరిస్థితి నాకు ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే వాకిలి పెట్టాలని నాకు ముందే తెలుసు. ఆ రాత్రే మట్టి గోడని చేతులతో తవ్వుకుని రావచ్చని మార్చా, ఆలస్యంగా, కానీ కచ్చితంగా.

అపోహ: ఒక్కడే చేసి కోట్లు సంపాదించినవాళ్లు ఉన్నారుగా

ఉన్నారు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్‌ని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు చేశాడు, 2016లో వచ్చింది. ఆ నాలుగున్నరేళ్లు ఎవరూ చెప్పరు. రాఫ్ట్‌ని స్వీడన్‌లో ముగ్గురు స్టూడెంట్స్ మొదలుపెట్టారు, తెప్ప మీద నిలబడి కొక్కెం విసిరి తేలే చెత్త లాక్కోవడం, సొరచేప రావడం, మొదట అంతే, అది ఫ్రీగా ఇచ్చారు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోకి 2018లో వచ్చి, పూర్తి గేమ్ అయ్యేసరికి 2022. స్టీమ్‌లో గేమ్ పెట్టాలంటే ఫీజు 100 డాలర్లు, అమ్మకాల్లో సాధారణంగా 30 శాతం వాళ్లది. ఉద్యోగం మానేసి చేస్తా అన్నవాళ్లకి నేను గట్టిగానే వద్దంటా, రోజుకి రెండు గంటలు ఇవ్వండి, కొక్కెం విసరడం లాంటి పని ఒక్కటి ఎంచుకుని అది వందసార్లు చేసినా విసుగు రాకుండా ఉండేదాకా దాన్నే పట్టుకోండి.

సంక్రాంతికి మేనల్లుడు మళ్లీ వస్తానన్నాడు. ఈలోపు వాన పడితే చౌడు మట్టి మిద్దె కారడం, కారిన చోట కింద గిన్నె పెట్టుకుంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావడం పూర్తి చేయాలి. కారడం అయిపోయింది, గిన్నె మిగిలింది.