ఆఫ్రికాలోని మలావీ పల్లెలో వాలంటీరుగా: అపోహలు - వాస్తవాలు

అపోహ: అక్కడ నీళ్లుండవు. వెళ్లగానే బోరు వేయించాలి.

చాలా పల్లెల్లో బోరు ఉంటుంది, దాని మీది పంపే పనిచేయదు. మలావీలో ఎక్కువగా కనిపించేది ఆఫ్రిదేవ్ చేతిపంపు. మన ఊళ్లలో బోరింగు అనే ఇండియా మార్క్-2 అలవాటుతో దాన్ని విప్పొద్దు. ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు. మార్క్-2లో వాషరు మార్చాలంటే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి. ఆఫ్రిదేవ్‌లో పైపు కదపనక్కర్లేదు; నీళ్లను పైకి లాగే ప్లంజరూ, అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వూ ఆ పైపులోంచే పైకి వచ్చేస్తాయి. ఒక స్పానరు, ఫుట్ వాల్వును పట్టి లాగే కొక్కెం చాలు.

లోపం ఎక్కడుందో విప్పకముందే తెలుసుకోవచ్చు. అరగంట పాటు పంపును ఎవరూ ముట్టకుండా చూసి, తర్వాత కొట్టండి. ఐదారు సార్లు కొట్టినా నీళ్లు రాకపోతే ఫుట్ వాల్వు దగ్గరో, పైపు అతుకుల్లోనో కారుతోంది. వెంటనే వచ్చి ధార సన్నగా ఉంటే ప్లంజరు మీది యూ-సీల్ అనే రబ్బరు ముక్క అరిగింది. పిడి అటూ ఇటూ ఊగుతూ కిర్రుమంటుంటే బేరింగులు పోయాయి. ఈ సీళ్లూ బేరింగులూ చిన్న రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలే. పాడయ్యేదాకా ఆగకుండా ఏడాదికోసారి మార్చేయాలి. అరిగిన బేరింగులతోనే నెలల తరబడి కొడితే ఇనుముకు ఇనుము రాసుకుని పిడి భాగమే చెడుతుంది. అప్పుడు ఖర్చు ఊరి శక్తికి మించిపోతుంది.

ఆ చిన్న ముక్క కొనడానికి సమయానికి డబ్బు చేతిలో లేకపోవడమే చాలాచోట్ల అసలు జబ్బు. మీ జేబులోంచి కొనిస్తే ఈ ఏడాది గడుస్తుంది, వచ్చే ఏడాది పంపు మళ్లీ ఆగుతుంది. ఊరి నీటి కమిటీతో కూర్చుని లెక్కల పుస్తకం పెట్టించండి. స్పేర్లు ఏ కొట్లో దొరుకుతాయో, ఆ ప్రాంతపు మెకానిక్ ఎవరో రాయించండి. చందా మాత్రం పంట చేతికొచ్చాక, మే నుంచి జూలై లోపు వసూలు చేయించాలి. జనవరిలో అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. వీటన్నిటికంటే ముందు ఊరి పెద్ద, అంటే మ్ఫూమును కలిసి అనుమతి అడగడం తప్పనిసరి. ఆ మర్యాద దాటి మొదలుపెట్టిన పని సాగదు.

అపోహ: మనం మలేరియా చూసినవాళ్లమే, ఒళ్లు తట్టుకుంటుంది.

తట్టుకోదు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం, ప్రాణం తీసే రకం. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం దాన్నుంచి కాపాడదు. ఇంట్లోవాళ్లు ప్రేమగా క్లోరోక్విన్ కట్టి పంపుతుంటారు; మలావీ 1993లోనే దాన్ని పక్కన పెట్టింది. మలేరియా రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తే రోజుకు 100 మి.గ్రా., ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరగానే మానేయడమే అందరూ చేసే తప్పు. కాలేయంలో దాగిన క్రిమి తర్వాతెప్పుడో రక్తంలోకి వస్తుంది, ఈ మందు పనిచేసేది ఆ రక్తంలోనే. నిండు గ్లాసు నీళ్లతో మింగండి, వెంటనే పడుకోవద్దు, గొంతు కింద పుండు పడుతుంది. దోమతెర అంచులు పరుపు కిందకి దోపాలి. వచ్చాక హైదరాబాదులో జ్వరం తగిలినా డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట, మలావీ నుంచి వచ్చానని. లేకపోతే డెంగీ అనుకుని రోజులు పోతాయి.

అపోహ: మలావీ సరస్సు నీళ్లు తేటగా ఉన్నాయి కదా, స్నానం చేస్తే ఏమవుతుంది?

బిల్హార్జియా అనే పురుగుల జబ్బు రావచ్చు. నత్తల్లోంచి వెలువడే క్రిమి కంటికి కనపడదు, చర్మంలోంచే ఒంట్లోకి దూరుతుంది. సరస్సులో దిగినవాళ్లు 6 నుంచి 8 వారాల తర్వాత పరీక్ష చేయించుకోవాలి. దాని మందు ప్రాజిక్వాంటెల్ ముదిరిన పురుగుల మీదే బాగా పనిచేస్తుంది కాబట్టి మర్నాడే మింగి లాభం లేదు.

అపోహ: కరెంటు, ఫోను ఏవీ ఉండవు.

కరెంటు తక్కువే, సోలారు లైటు పట్టుకెళ్లండి. సిగ్నల్ చాలా ఊళ్లలో ఉంటుంది, డబ్బు పంపుకోవడం ఎయిర్‌టెల్ మనీ, టీఎన్ఎమ్ మ్పాంబా అనే ఫోను సేవల్లో నడుస్తుంది. ప్లగ్గులు మాత్రం బ్రిటిష్ తరహా మూడు చదరపు పిన్నులవి.

అపోహ: శాకాహారులు అక్కడ బతకలేరు.

కందిపప్పు తినేవాళ్లకు దిగులే అక్కర్లేదు. కందుల్ని అక్కడ నండోలో అంటారు. మలావీ మన దేశానికీ కందులు ఎగుమతి చేస్తుంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అక్కడి రైతుల కోసం కంది రకాలు తయారు చేసింది. ఆకుకూరల్లో వేరుశెనగ పొడి వేసి వండే కూర కడుపు నింపుతుంది. ఎండు చేపలు కలిపే అలవాటుంది గనుక తిననివాళ్లు ముందే చెప్పాలి.

రోజూ తినేది న్సీమా, మన సంకటిలాంటిదే, మొక్కజొన్న పిండితో. వేడినీళ్లలో కొంచెం పిండి కలిపి పల్చటి జావ చేసి, మూతపెట్టి కొన్ని నిమిషాలు కుతకుతలాడించాలి. తర్వాత పిడికెడు పిడికెడుగా పిండి చల్లుతూ, చెక్క తెడ్డుతో గిన్నె అంచుకు అదిమి కలపాలి. పిండంతా ఒక్కసారే పోస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది.

జనవరి నుంచి మార్చి దాకా చాలా ఇళ్లలో మొక్కజొన్న నిండుకుంటుంది. అప్పుడు కూడా అతిథికి వడ్డించకుండా ఉండరు. ఆ నెలల్లో ఎవరింట్లోనైనా భోజనం చేయాల్సి వస్తే వెళ్తూ వెళ్తూ రెండు కిలోల పిండి ఇంటావిడ చేతికివ్వండి.