ఊడిన పళ్ళ లెక్క, బతుకు లెక్క

పెద్దవాళ్ళకు పళ్ళు పోవడాన్ని మన ఇళ్ళలో జబ్బుగా చూడరు, జుట్టు నెరవడంతో సమానంగా చూస్తారు. చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం, జార్జిటౌను ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో గానీ, నెల్లూరు వైపు నుంచి రైలెక్కి వైద్యానికి సెంట్రల్‌లో దిగేవాళ్ళలో గానీ, నలభై దాటినవారు దంతవైద్యుడి ముందు కూర్చోగానే అనే మాట చాలావరకు ఒక్కటే: "నొప్పి తట్టుకోలేకపోతున్నాను, పీకేయండి డాక్టరుగారూ." పీకించుకున్నాక ఆ ఖాళీలో ఏం పెట్టించుకోవాలన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి డబ్బు, తీరిక, వయసు అన్నీ అడ్డొస్తాయి. ఈ తీరును రోగుల అశ్రద్ధ అని కొట్టిపారేయడం అన్యాయం. పీకడమే వైద్యమని నమ్మించిన చరిత్ర దీని వెనుక ఉంది, అది నూరేళ్ళకు పైబడినది.

1910లో ఇంగ్లండుకు చెందిన విలియం హంటర్ అనే వైద్యుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, నోట్లో దాగిన చీము ఒంట్లోని అనేక రోగాలకు మూలమని వాదించాడు. ఆ వాదం బలపడి, కీళ్ళ నొప్పులకూ అంతుపట్టని జ్వరాలకూ పళ్ళే కారణమని అనుమానించి, బాగున్న పళ్ళను సైతం వరసగా పీకేసే పద్ధతి కొన్ని దశాబ్దాల పాటు పాశ్చాత్య వైద్యంలో నడిచింది. పళ్ళన్నీ పోయినవాడు ఏం తింటాడు, ఎలా మాట్లాడతాడు అన్నది అప్పటి వైద్యులకు పెద్ద ప్రశ్నగా తోచలేదు.

1948 జూలైలో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలై కట్టుడు పళ్ళు ఉచితంగా ఇస్తామనేసరికి జనం విరగబడ్డారు. ఆ ఖర్చు భరించలేక 1951లో కట్టుడు పళ్ళకూ కళ్ళద్దాలకూ రుసుము పెట్టినప్పుడు, ఆ సేవను స్థాపించిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఒక మంత్రి పదవిని వదులుకునేంత బరువు కట్టుడు పళ్ళకు ఉందని మన పాలకులూ ఒకసారి తలచుకోవాలి. 1968 నాటికి ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల్లో వయోజనుల్లో 37 శాతం మందికి ఒక్క సొంత పన్ను కూడా లేదు. 2009 సర్వే నాటికి అది 6 శాతానికి దిగింది. ముసలితనం మారలేదు, వైద్యమూ అలవాట్లూ మారాయి. పళ్ళు ఊడటం వయసు ధర్మమన్న నమ్మకానికి ఈ రెండు అంకెలే సమాధానం.

మన దేశంలో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో తొలి దంతవైద్య కళాశాల నెలకొల్పాడు. మద్రాసులో మాత్రం చాలాకాలం ఈ పని పట్టా కంటే చేతివృత్తిగానే సాగింది. చైనాలోని హుబే ప్రాంతం నుంచి గత శతాబ్దంలో వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ పళ్ళు కట్టడాన్ని తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్యగా నడిపాయి. "చైనా డాక్టరు దగ్గర కట్టించుకున్నాను" అనే మాట పాతతరం మద్రాసు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఇలాంటివారిని గాలికి వదిలేయలేదు. పట్టా ఉన్నవారికి ఒక పట్టిక పెట్టి, పట్టా లేకపోయినా కనీసం ఐదేళ్ళుగా అదే జీవనాధారంగా బతుకుతున్నవారి కోసం మరో పట్టిక పెట్టింది. ఆ తరువాత 1953లో మద్రాసు వైద్య కళాశాలలో దంత విభాగం మొదలై, నేడు ఫోర్ట్ స్టేషన్ ఎదుట ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలగా ఎదిగింది.

ఇంత జరిగినా పళ్ళు పోవడాన్ని కొలిచే పద్ధతి మాత్రం చాలాకాలం ఎన్ని ఊడాయి, ఎన్ని పుచ్చాయి అన్న లెక్కను దాటలేదు. రోగి బతుకును కూడా లెక్కలోకి తీసుకోవాలని 1976లో కోహెన్, జాగో అనే పరిశోధకులు అడిగారు. 1988లో డేవిడ్ లాకర్ నోటి జబ్బు ఏ మెట్లమీదుగా మనిషి బతుకును కుంగదీస్తుందో వివరించాడు. 1990లో అమెరికాలో వృద్ధుల కోసం 12 ప్రశ్నల పత్రం, 1994లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి స్లేడ్, స్పెన్సర్ తయారుచేసిన 49 ప్రశ్నల పత్రం వచ్చాయి. రెండోదాన్ని 1997లో 14 ప్రశ్నలకు కుదించారు. మాటలు పలకడం కష్టమైందా, రుచి తగ్గిందా, భోజనం మధ్యలో ఆపేయాల్సి వచ్చిందా, నలుగురిలో సిగ్గుపడ్డారా, ఇతరులమీద విసుక్కున్నారా అన్నవి అందులో ఉన్నాయి. నోరు తెరిపించి చూస్తే తెలియనివి ఇవన్నీ, అడిగితేనే తెలుస్తాయి.

మన వాళ్ళను అడిగితే ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు. దవడ పళ్ళు పోయిన మనిషి ముందుగా వదిలేసేది వేరుశనగపప్పు, జామకాయ, పచ్చి క్యారెట్, మాంసం. కంచంలో మిగిలేది మెత్తగా పిసికిన రసం అన్నం, పెరుగన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ. పీచు, మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థం పెరగడం మధుమేహం ఉన్నవారికి మరో చిక్కు. పెళ్ళిపందిట్లో బంతికి పిలిస్తే "తరువాత కూర్చుంటాలే" అని తప్పుకునేవాళ్ళలో ఆకలి లేనివాళ్ళు కొందరైతే, నలుగురి ముందు నమలలేక తప్పుకునేవాళ్ళు కొందరు. త, ద పలకాలంటే నాలుక పై ముందు పళ్ళను తాకాలి, వ పలకాలంటే కింది పెదవికి ఆ పళ్ళే ఆసరా. అవి పోతే "తద్దినం", "దేవుడు" వంటి మామూలు మాటలు సైతం గాలిలో కలుస్తాయి. కొట్లో కూర్చుని బేరం చెప్పేవారికీ, బడిలో పాఠం చెప్పేవారికీ ఇది ఉద్యోగ సమస్య. ఇక నవ్వేటప్పుడు చెయ్యో కొంగో అడ్డం పెట్టుకోవడం అలవాటైపోతుంది. పళ్ళన్నీ పోయినవారిమీద 2000లో బ్రిటన్‌లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో 45 శాతం మంది ఆ నష్టాన్ని జీర్ణించుకోవడం కష్టమైందన్నారు. పళ్ళు పోయిన దుఃఖాన్ని ఆత్మీయులు పోయిన దుఃఖంతో పోల్చిన రోగులను కూడా పరిశోధకులు చూశారు.

అన్ని పళ్ళ నష్టమూ ఒక్కటి కాదన్నది మరో ముఖ్యమైన సంగతి. నెదర్లాండ్స్‌కు చెందిన కైసర్ 1981లో, ముందు పళ్ళూ వాటి వెనుక చిన్న దవడ పళ్ళూ సరిగా ఉంటే చాలామందికి తిండికీ మాటకూ లోటు రాదని చూపించాడు. 2010లో గెరిట్సెన్ బృందం అప్పటి అధ్యయనాలన్నీ వడపోసి, ఎన్ని పళ్ళు పోయాయన్నదే కాదు, ఏవి పోయాయన్నదీ జీవన నాణ్యతను తేలుస్తుందని చెప్పింది. జపాన్ 1989లోనే ఎనభై ఏళ్ళకు ఇరవై సొంత పళ్ళు మిగలాలన్న లక్ష్యం పెట్టుకుంది. 2016 నాటికి అక్కడ ఆ వయసువారిలో సగానికి పైగా ఆ లక్ష్యాన్ని అందుకున్నారు.

పోయిన పళ్ళ స్థానంలో పెట్టేదాని కథ వేరు. గట్టి రబ్బరుతో చేసిన సెట్టు పోయి 1930ల చివర నుంచి యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ పళ్ళ సెట్టు వచ్చింది, అదే ఇప్పటికీ సామాన్యుడి ఆధారం. కానీ పన్ను పోయిన చోట ఎముక అరుగుతూనే ఉంటుంది. కింది దవడ పై దవడకు సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని 1972లో టాల్‌గ్రెన్ తేల్చింది. కింది సెట్టు జారిపోతోందని మన పెద్దవాళ్ళు దాన్ని డబ్బాలో పెట్టేసి పండగలకే తీయడానికి అసలు కారణం ఇదే. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో తొలి రోగికి టైటానియం స్క్రూలు ఎముకలో బిగించి దీనికి దారి చూపాడు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు ఇలా ఎముకలో బిగించిన రెండు స్క్రూలమీద, అంటే ఇంప్లాంట్లమీద, నిలిచే సెట్టే మొదటి ఎంపిక కావాలని 2002లో మెక్‌గిల్‌లో కూడిన నిపుణులు తీర్మానించారు. చెన్నైలో ఆ నైపుణ్యానికి కొదవ లేదు, అది అందుకునే స్తోమతే చాలామందికి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 23 శాతం మందికి సొంత పళ్ళు ఒక్కటీ లేవు. పొరుగున ఉన్న కర్ణాటక 2014లో దంత భాగ్య పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్ళ సెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఇది సరైన అడుగు. అయితే ఎముక అరుగుతూ ఉన్నంతకాలం ఏ సెట్టూ కొన్నేళ్ళకు మించి బిగువుగా కూర్చోదు, లోపలి పూత మళ్ళీ వేయించాలి, తరువాత మార్చాలి. ఒకసారి సెట్టు చేతికిచ్చి జాబితాలో పేరు కొట్టేసే పథకం ఏ ప్రభుత్వానిదైనా, వీటికోసం రోగి తిరిగి వచ్చినప్పుడు చూడటానికి డాక్టరునూ బడ్జెట్‌నూ కేటాయించినప్పుడే సెట్టు డబ్బాలోకి పోకుండా నోట్లో ఉంటుంది.