రోగి రక్తంలోంచే మందు: కార్-టి చికిత్స ఎక్కడి నుంచి వచ్చింది?

కీమో అయిపోయి కొన్నాళ్లు బాగున్నాక బ్లడ్ క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టిన ఇళ్లలో ఈమధ్య "కార్-టి" అనే మాట వినిపిస్తోంది. రోగి రక్తంలోని రక్షణ కణాలనే బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టి చంపేలా మార్చి, తిరిగి ఎక్కించే చికిత్స అది. డాక్టరు గారు ఆ పేరు చెప్పి, ఖర్చు కూడా చెప్పగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. పొలం అమ్మాలా, విరాళాలు అడగాలా అని రాత్రంతా లెక్కలు వేసుకుంటారు. ఒక్కసారి ఎక్కించే మందుకు అంత ధర ఎందుకన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్నే. దానికి జవాబు ఆ చికిత్స పుట్టిన తీరులో ఉంది.

ఈ కథలో ముఖ్యుడు కార్ల్ జూన్. అమెరికా నౌకాదళంలో డాక్టరు. అణు ప్రమాదం జరిగి నావికులకు రేడియేషన్ సోకితే ఎముక మూలుగ మార్పిడి చేయగలవాళ్లు కావాలని నౌకాదళం అనుకుంది. అందుకే 1980ల్లో ఆయన్ని సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి పంపింది. మూలుగ మార్పిడికి ఒక దారి వేసి 1990లో నోబెల్ అందుకున్న డోనాల్ థామస్ పనిచేసింది అక్కడే. దాత మూలుగతో పాటు వచ్చే టి-కణాలు, అంటే మన ఒంట్లో కాపలా కాసే తెల్ల రక్తకణాలు, రోగిలో మిగిలిపోయిన లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) కణాలను వెతికి చంపుతాయని అక్కడి డాక్టర్లకు తెలుసు. అవే కణాలు ఒక్కోసారి రోగి చర్మం మీదా, పేగుల మీదా, కాలేయం మీదా కూడా పడతాయని కూడా తెలుసు. శత్రువు మీదికి మాత్రమే పంపడం ఎలాగన్నది అప్పటికి తేలని చిక్కు.

శిక్షణ ముగించుకుని జూన్ వాషింగ్టన్ దగ్గరి బెథెస్డాలో నౌకాదళ పరిశోధనశాలకు వచ్చారు. అక్కడ పని క్యాన్సర్ మీద కాదు, హెచ్ఐవి మీద. ఆ వైరస్ టి-కణాలను తినేస్తుంది కాబట్టి, రోగి నుంచి తీసిన టి-కణాలను బయట బాగా పెంచి తిరిగి ఎక్కించవచ్చా అని చూశారు. బ్రూస్ లెవైన్‌తో కలిసి, టి-కణాలను ఉత్తేజపరిచే సన్నని పూసల పద్ధతిని రూపొందించారు. ఈనాటి కార్-టి తయారీకి ఆ పూసలే పునాది. హెచ్ఐవి కోసం చేసిన పని క్యాన్సర్‌కు పనికొచ్చింది. అంతకన్నా ఆశ్చర్యం, టి-కణంలోకి కొత్త జన్యువును మోసుకెళ్లడానికి జూన్ బృందం వాడిన వైరస్ కూడా జబ్బు చేయకుండా మార్చిన హెచ్ఐవి రకమే.

గురిపెట్టే చిక్కును విప్పింది మాత్రం ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్. 1989లో జెలిగ్ ఎషార్ బృందం శత్రువును గుర్తుపట్టే యాంటీబాడీ (ఒంట్లోని రక్షణ ప్రోటీన్) కొసను, చంపే శక్తి ఉన్న టి-కణానికి అతికించింది. గుర్తుపట్టేది ఒకటి, చంపేది మరొకటి, రెండూ కలిపిన ఆ సంకర గ్రాహకం ఇంగ్లిష్ పేరు కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్‌లోని మొదటి అక్షరాలే "కార్". తొలి తరం కార్ కణాలు ఒంట్లో ఎక్కువ రోజులు నిలవలేదు. వాటికి మరో ఉత్తేజక సంకేతం జోడించాక గాని బతకడం నేర్వలేదు. ఇక ఏ గుర్తు మీద గురిపెట్టాలి? యాంటీబాడీలు తయారు చేసే మరో రకం తెల్ల రక్తకణాలైన బి-కణాల ఒంటి మీద ఉండే సిడి19 అనే ప్రోటీన్ మీద. లుకేమియా, లింఫోమాల్లో చాలా రకాలు ఈ బి-కణాల్లోంచే పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న బి-కణాలు కూడా చచ్చిపోతాయి నిజమే, కానీ అవి లేకపోయినా ఇమ్యునోగ్లోబులిన్, అంటే బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు, ఎక్కించుకుంటూ మనిషి బతకగలడు. న్యూయార్క్‌లో మిషెల్ సాడెలైన్ బృందం 2003లో ఎలుకల్లో ఈ గురి పనిచేస్తుందని చూపించింది. 2024లో జూన్, సాడెలైన్ ఇద్దరికీ బ్రేక్‌త్రూ ప్రైజ్ వచ్చింది.

1999లో జూన్ ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి మారారు. 2001లో ఆయన భార్య అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. పరిశోధనకు డబ్బు దొరకడం చాలా కష్టమైంది. 2010లో ఆయన బృందం ముగ్గురు లుకేమియా రోగులకు చికిత్స చేసి, నిధులు లేక అక్కడే ఆగిపోయింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి క్యాన్సర్ పూర్తిగా మాయమైంది. 2011 ఆగస్టులో ఆ ఫలితాలు వెలువడ్డాకే ప్రపంచం అటు చూసింది. పదేళ్లు దాటాక కూడా ఆ ఇద్దరి రక్తంలో ఆ కణాలు కాపలా కాస్తూనే ఉన్నాయని 2022లో తేలింది. మందు అని అంటున్నాం గాని, ఒంట్లో పదేళ్లు బతికే మందును ఇంతకు ముందు ఎవరు చూశారు?

ఆ తర్వాత ఎమిలీ వైట్‌హెడ్. ఆరేళ్ల పిల్ల. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా రెండుసార్లు తిరగబెట్టింది. (ఇక్కడ మనవాడి మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒకప్పుడు ఈ జబ్బుకు మందే లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధన నుంచే అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం మెరుగైంది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుదురు నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల వార్డుల్లో వాడుతున్నారు.)

2012 ఏప్రిల్‌లో ఎమిలీకి కార్-టి కణాలు ఎక్కించారు. ఈ చికిత్స పొందిన తొలి చిన్నపిల్ల ఆమే. కొద్ది రోజుల్లోనే ఒళ్లు కాలిపోయే జ్వరం, వెంటిలేటర్. కణాలు క్యాన్సర్‌తో పోరాడుతున్నప్పుడు రక్తంలోకి వరదలా వచ్చే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం ఆమెను చంపేలా ఉంది. ఆ పదార్థాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు జూన్‌కు తెలుసు, ఎందుకంటే ఆయన కూతురికే చిన్ననాటి కీళ్లవాతం ఉంది. డాక్టర్ స్టీఫన్ గ్రప్ బృందం ఆ మందు ఇచ్చింది. గంటల్లో జ్వరం దిగింది. ఏడో పుట్టినరోజున పిల్ల కళ్లు తెరిచింది. ఆ రాత్రి ఆమె పోయి ఉంటే ఈ చికిత్స మొత్తం ఆగిపోయేదని జూన్ తర్వాత చెప్పారు.

2017 ఆగస్టు 30న అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. ధర 4,75,000 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 3 కోట్ల రూపాయలు. మాత్ర అయితే ఒకసారి లక్షల్లో తయారు చేసి అమ్ముకోవచ్చు. ఇక్కడ ఒక్కో రోగికీ ఒక్కో తయారీ. రక్తం నుంచి టి-కణాలు వేరు చేయాలి, వైరస్‌తో జన్యువు ఎక్కించాలి, రోజుల తరబడి పెంచాలి, సూక్ష్మజీవులు లేవని తేల్చుకోవాలి, గడ్డకట్టించి ఆసుపత్రికి పంపాలి. ఎక్కించాక ఐసీయూ సిద్ధంగా ఉండాలి. ఒకరి కణాలు ఇంకొకరికి పనికిరావు.

మన దేశంలో దీనికి సొంత దారి వెతికినవాళ్లు ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్, టాటా మెమోరియల్ డాక్టర్లు. 2021 జూన్ 4న నవీ ముంబైలోని టాటా కేంద్రంలో తొలి రోగికి ఎక్కించారు. 2023 అక్టోబర్‌లో వాళ్ల కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు కేంద్ర ఔషధ సంస్థ అనుమతి దొరికింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. ఖరీదైన వైరస్ వాహకాన్ని దిగుమతి చేసుకోకుండా సొంతంగా తయారు చేసుకోవడం వల్ల ధర అమెరికా ధరలో దాదాపు పదో వంతుకు దిగింది. ట్రయల్స్‌లో పాల్గొన్నవాళ్లలో దాదాపు 73 శాతం మందికి గుణం కనిపించింది. అందరికీ అది శాశ్వతం కాదు, కొందరికి జబ్బు మళ్లీ వస్తోంది. ఆశ పెట్టుకున్న కుటుంబాలకు డాక్టర్లు ఈ మాట ముందే విప్పి చెప్పాలి.

పదో వంతు అన్నా అది ముప్పై, నలభై లక్షల మాట. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పెరిగాక కూడా ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. మిగతాది ఎక్కడి నుంచి తేవాలి? డబ్బు కూడబెట్టేలోపు ఇంకో విడత కీమో, ఆ తర్వాత ఇంకొకటి నడుస్తాయి. విడత పెరిగేకొద్దీ ఒంట్లోని టి-కణాలు నీరసిస్తాయి, తయారీకి మంచి కణాలు దొరకడమే కష్టమవుతుంది. అందుకే జబ్బు మొదటిసారి తిరగబెట్టిన రోజే, డబ్బు చేతిలో ఉన్నా లేకున్నా, కార్-టి సంగతి డాక్టరును అడగండి.