ఉప్పు తగ్గితే పెరిగే మందు: బైపోలార్‌లో లిథియం వేసుకోవాలా?

బైపోలార్ అంటే కొన్నాళ్ళు మేనియా అనే అదుపులేని హుషారు, కొన్నాళ్ళు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు. దానికి మందు వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్న జబ్బు ముదిరి ఉన్నప్పుడు రాదు. మేనియాలో ఉన్న మనిషి తనకసలు జబ్బే లేదంటాడు. కుంగుబాటులో ఉన్న మనిషికి ఏ మందూ పనిచేయదనిపిస్తుంది. ప్రశ్న వచ్చేది ఆరేడు నెలలు గడిచాక. నిద్ర కుదురుకుంటుంది, ఉద్యోగానికి వెళ్తుంటారు, ఇంట్లోవాళ్ళ మొహాల్లో భయం తగ్గుతుంది. అప్పుడు చేతిలోని బిళ్లను చూసి, "బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకిది?" అనుకుంటారు. అడగాల్సిన ప్రశ్నే అది, అడగాల్సిన సమయమూ అదే. "డాక్టరు రాశారు, నోరు మూసుకుని వేసుకో" అంటే జవాబు చెప్పినట్టు కాదు.

ముందు లెక్క చూద్దాం. పూర్తిస్థాయి మేనియా ఒక్కసారి వచ్చినా, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జీవితంలో మళ్ళీ మేనియానో కుంగుబాటో వస్తుంది. ఈ జబ్బుకు వాడే లిథియం అనే మందుతో దీర్ఘకాలం జరిగిన పరీక్షలను కలిపి 2004లో ఒక లెక్క తీశారు. ఏడాది నుంచి రెండేళ్ళ కాలంలో మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 60 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, లిథియం వేసుకున్నవాళ్ళలో 40 శాతం మందికి తిరగబెట్టింది. అంటే ఐదుగురు వేసుకుంటే ఒకరికి తప్పుతోంది. ఇంతేనా అనిపించవచ్చు. కానీ తప్పేది ఏమిటో కూడా చూడాలి. వారం రోజుల్లో చేసిన అప్పులు, ఆవేశంలో ఇచ్చిన రాజీనామా, అయినకాడికి అమ్మేసిన ప్లాటు, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేని కుంగుబాటు. ఈ జబ్బులో ఆత్మహత్య ముప్పు చాలా ఎక్కువ. దాన్ని తగ్గిస్తుందనడానికి మిగతా మందులకంటే లిథియానికే ఎక్కువ ఆధారాలున్నాయి.

"షుగర్‌కి వేసుకోవట్లేదా, ఇదీ అంతే" అని చాలామంది నచ్చజెప్తారు. ఆ పోలిక సగమే నిజం. షుగర్ ఉన్న మనిషి రక్తంలో చక్కెర పెరిగిన రోజుల్ని తలుచుకుని బెంగపడడు. మేనియా మొదట్లో ఉండే హుషారు, మాటల వేగం, నాలుగు గంటల నిద్రతో సరిపోయిన రోజులు మాత్రం మనిషికి గుర్తుండిపోతాయి. మందు వాటిని తీసుకుపోయిందన్న బాధ నిజమైనదే. దాన్ని కొట్టిపారేస్తే ఆ మనిషి డాక్టరుకు చెప్పకుండానే మాత్రలు మానేస్తారు. "మనసు మొద్దుబారినట్టుంది" అని పైకి చెప్పగలిగితే మోతాదు తగ్గించి చూడవచ్చు, మందు మార్చి చూడవచ్చు.

లిథియం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మంచీ చెడూ రెండూ ఉప్పుతో ముడిపడి ఉన్నాయి. మూలకాల పట్టికలో, ఉప్పులో ఉండే సోడియానికి సరిగ్గా పై గడిలో ఉండేది లిథియమే. మెల్‌బోర్న్ శివార్లలోని ఆసుపత్రిలో పనిచేసే డాక్టరు జాన్ కేడ్ 1949లో పదిమంది మేనియా రోగులకు లిథియం ఇచ్చి, వాళ్ళు కుదుటపడ్డారని వైద్యపత్రికలో రాశాడు. అదే ఏడాది అమెరికాలో గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పు మాన్పించి, దాని బదులు చల్లుకోమని లిథియం క్లోరైడ్ అమ్మారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రక్తంలో మందు ఎంతుందో కొలవడం అప్పటికి వాడుకలో లేదు. అమెరికా ప్రభుత్వం లిథియాన్ని మందుగా ఒప్పుకోవడానికి 1970 దాకా పట్టింది.

ఆ మరణాల వెనకున్న కారణం ఇవాళ్టికీ మారలేదు. మూత్రపిండాలు సోడియాన్నీ లిథియాన్నీ సరిగా వేరుచేసి చూడలేవు. ఒంట్లో ఉప్పు, నీళ్ళు తగ్గగానే సోడియాన్ని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి, దాంతోపాటే లిథియాన్నీ లాక్కుంటాయి. మాత్ర పెంచకపోయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. ఇప్పుడు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చూడండి. పసరు మందుకు పథ్యమని పది రోజులు ఉప్పులేని చప్పిడి కూడు తింటారు. బీపీ ఉందని తెలిసి ఒక్కసారిగా ఉప్పు మానేస్తారు. మే నెల ఎండలో ఒళ్ళంతా చెమటలు కక్కుతుంటే నీళ్ళు తాగకుండా తిరుగుతారు. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసాలుంటారు. వీటిలో ఏదైనా లిథియాన్ని ప్రమాదకర స్థాయికి పెంచగలదు. ఉప్పు ఎక్కువ తినమని దీనర్థం కాదు, అలా తింటే మందు స్థాయి పడిపోతుంది. రోజూ తినేంతే తినాలి, దాహానికి తగ్గట్టు నీళ్ళు తాగాలి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ పూట మాత్ర వేసుకునేముందే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలూ ఇదే పని చేస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ మూడూ లిథియాన్ని పెంచుతాయి. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ చాలు. బీపీకి రాసే టెల్మిసార్టాన్, రామిప్రిల్, నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఆ జాబితాలోవే. కొత్తగా ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా సరే, "లిథియం వేసుకుంటున్నాను" అన్నది మొదటి మాట కావాలి.

రక్తపరీక్షలో పొరపాటు జరగడం చాలా తేలిక. రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదింటికి రక్తం ఇవ్వాలి, సరిగ్గా పన్నెండు గంటలు. పొద్దున వేసుకోవాల్సిన మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ల్యాబ్‌లో వాడే పచ్చమూత గొట్టాల్లో కొన్నింటికి లిథియం హెపారిన్ పూసి ఉంటుంది. అందులో తీస్తే గొట్టంలోని లిథియం కూడా లెక్కలోకి వచ్చి రిపోర్టు తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. "లిథియం పరీక్షండీ, పచ్చమూతది వద్దు" అని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. నిలకడగా ఉన్నవాళ్ళకు రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ ఉంటే మామూలుగా సరిపోతుంది, కొందరికి 1.0 దాకా కావాలి. 1.5 దాటితే విషమే. మొదలుపెట్టేముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం చూపించుకోవాలి, వయసు మళ్ళినవాళ్ళకు ఈసీజీ కూడా. మోతాదు మారిన ప్రతిసారీ వారం తర్వాత లిథియం స్థాయి చూడాలి. కుదురుకున్నాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, మూత్రపిండాలూ థైరాయిడూ ఆరు నెలలకోసారి. మాత్రల ఖర్చు తక్కువే, పరీక్షల ఖర్చే ఎక్కువ. నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో ఉండాలి.

చేతులు సన్నగా వణకడం, టీ కప్పు సాసర్లో గలగలమనడం, దాహం, మాటిమాటికీ మూత్రం, కాస్త ఒళ్ళు రావడం లిథియంతో మామూలే. వీటిలో చాలావాటికి మార్గం ఉంది. థైరాయిడ్ తగ్గితే దానికో మాత్ర వేసుకుని లిథియం కొనసాగించవచ్చు. మూత్రపిండాలు ఏళ్ళ మీద మెల్లగా దెబ్బతినే అవకాశం మాత్రం కొందరికి నిజంగానే ఉంది, అందుకే పరీక్షలు మానకూడదు. వణుకు పెద్దదై, నడక తూలి, మాట ముద్దగా వస్తే అది విషలక్షణం. చూసినవాళ్ళు తాగాడనుకుంటారు, పడుకోబెడతారు. ఆ పని చేయకుండా, మాత్ర ఆపి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

లిథియం పడకపోతే వేరే దారులున్నాయి. మన దగ్గర వాల్‌ప్రోయేట్ బాగా రాస్తారు. గర్భం వచ్చే వయసు ఆడవాళ్ళకు దాన్ని రాయడానికి ముందు చాలా ఆలోచించాలి, వీలైతే రాయకూడదు. గర్భంలో దాన్ని వాడితే పదిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకలోపం, ముగ్గురు నలుగురికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు రావచ్చు. ఆ సంగతి పెళ్ళికాని అమ్మాయికీ ముందే చెప్పాలి. కుంగుబాటే ఎక్కువగా వచ్చేవాళ్ళకు లామోట్రిజిన్ బాగుంటుంది. కానీ రోజుకు 25 మిల్లీగ్రాములు రెండు వారాలు, 50 మరో రెండు వారాలు, అలా మెల్లగానే ఎక్కాలి. పక్కన వాల్‌ప్రోయేట్ ఉంటే అందులో సగమే. తొందరపడితే ఒళ్ళంతా పొక్కి ప్రాణం మీదికి రావచ్చు. ఐదారు రోజులు వరసగా మానేస్తే మళ్ళీ మొదటి మోతాదు నుంచే మొదలుపెట్టాలి. క్వెటియాపిన్, ఓలాంజపిన్ త్వరగా పనిచేస్తాయి, బరువూ షుగరూ పెంచుతాయి. డిప్రెషన్ బిళ్లలు ఒంటరిగా వాడితే మేనియాలోకి తోసే ప్రమాదం ఉంది.

మందే లేకుండా, నిద్ర పద్ధతిగా ఉంటే చాలదా? నిద్ర చాలా ముఖ్యం, కానీ మేనియా వచ్చిపోయిన మనిషికి అదొక్కటే చాలదు. పైగా మన జీవితాల్లో నిద్ర పోగొట్టుకునే సందర్భాలకు కొదవలేదు. అమెరికా వేళల్లో పనిచేసే నైట్‌షిఫ్టులు, రాత్రి రెండింటి ముహూర్తాలు. సంబంధం కుదిరిందని, కొత్తవాళ్ళకు తెలియకూడదని మాత్రలు ఆపేసి, అదే వారంలో నాలుగు రాత్రులు నిద్ర లేకుండా పెళ్ళిపీటల మీద కూర్చోబెడితే మేనియాను చేతులారా పిలిచినట్టే.

ఆపాలనే నిర్ణయించుకున్నారా? ఆ హక్కు మీకుంది. అయితే ఒక్కసారిగా ఆపకండి. లిథియాన్ని ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుంది, అదీ మొదటి కొన్ని నెలల్లోనే. కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు పట్టేలా డాక్టరుతో కలిసి మెట్లుమెట్లుగా తగ్గించాలి. పెళ్ళి, పరీక్షలు, కాన్పు దగ్గర్లో ఉంటే అది తగ్గించే సమయం కాదు. ఇంట్లోవాళ్ళకో మాట: మాట వినట్లేదని పెరుగన్నంలో మాత్ర కలిపి పెట్టకండి. నెమ్మదిగా కరగాల్సిన ఎస్ఆర్ బిళ్లను నూరితే మందంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది. విషయం బయటపడ్డాక ఆ మనిషి మీ చేతి అన్నం తినరు.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇంతకంటే మంచి దారి ఇచ్చింది. బాగున్న రోజుల్లోనే, జబ్బు చేసినప్పుడు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకోవచ్చు. సాక్షుల సంతకాలతో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో నమోదు చేయించుకోవాలి. డాక్టరు దగ్గర్లో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చట్టం కాగితంతోపాటు ఇంట్లో బీరువా తలుపుకు చిన్న చీటీ ఒకటి అంటించుకోండి, మీ చేతిరాతతోనే: "వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకుని కూడా నేను హుషారుగా ఉంటే, నేనెంత వాదించినా సరే, డాక్టరుకు ఫోన్ చేయండి. నా ఏటీఎం కార్డు అక్క దగ్గర పెట్టండి."