తడి చెత్తకు ఎండుటాకుల తోడు

కూరగాయల తొక్కలన్నీ బకెట్లో వేసి మూత పెడితే నాలుగు రోజుల్లో కంపు మొదలవుతుంది. అటు పొలంలో పోగుపెట్టిన ఎండు గడ్డి మాత్రం నెలలు గడిచినా పెద్దగా మారదు. చివరికి బకెట్లోది చెత్తబండి ఎక్కుతుంది, పొలంలోదానికి నిప్పు పెడతారు. నిజానికి ఒకదానిలో ఎక్కువైనదే రెండోదానిలో తక్కువ. రెండింటినీ కలిపితే కంపోస్టు ఎరువు తయారీలో చాలావరకు పని అయిపోయినట్టే.

చెత్తను ఎరువుగా మార్చేది ప్రధానంగా బాక్టీరియా, శిలీంధ్రాలు. బాక్టీరియా ఒంట్లో సుమారు 8 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉంటుంది. అయితే అవి తిన్న కార్బన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు శక్తికే ఖర్చై, కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. అంటే 8 పాళ్లు ఒంటికి పట్టాలంటే 24 పాళ్లు తినాలి. కంపోస్టు గురించి ఎవరు చెప్పినా 25 నుంచి 30 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని అంటారే, దాని వెనక ఉన్న లెక్క ఇదే. వంటింటి తడి చెత్తలో కార్బన్ సుమారు 15–20 పాళ్లే. ఎండు గడ్డిలో 60–80 పాళ్లు, రంపపు పొట్టులో కొన్ని వందలు.

లెక్క తప్పితే ముక్కు చెబుతుంది. ఘాటుగా అమోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైంది, మొక్కకు అందాల్సిన బలం గాల్లో కలిసిపోతోంది. వాసన పోతుందని కొందరు సున్నం చల్లుతారు. దాంతో అమోనియా ఇంకా ఎక్కువగా బయటికి పోతుంది. కుళ్లిన గుడ్ల వాసన సంగతి వేరు. అది లోపల ఆక్సిజన్ అందడం లేదనడానికి గుర్తు. ఆక్సిజన్ గాల్లో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, కాబట్టి సందులన్నీ నీటితో నిండితే కుప్ప ఊపిరాడక కుళ్లుతుంది, మీథేన్ కూడా పుడుతుంది. ఎండుటాకులు, గడ్డి ఇక్కడ ఇంకో పని చేస్తాయి: కార్బన్ ఇస్తూనే మధ్యలో గాలికి దారి వదులుతాయి. తేమ 50–60 శాతం ఉండాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు.

కుప్ప కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే వేడి నిలుస్తుంది. అన్నీ కుదిరితే కొద్ది రోజుల్లోనే లోపల 55–65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడికి రోగక్రిములు, చాలా రకాల కలుపు గింజలు చస్తాయి. 70 దాటితే మాత్రం పనిచేసే సూక్ష్మజీవులే చావడం మొదలవుతుంది. అంచుల్లోది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది గనుక తిరగేసి లోపలికి తోయాలి. అమెరికా పర్యావరణ సంస్థ మురుగు మడ్డితో చేసే బారు కుప్పలకు పెట్టిన నిబంధన ప్రకారం 55 డిగ్రీలు 15 రోజులు నిలవాలి, ఆ లోపు 5 సార్లు తిరగేయాలి. ఇంట్లో చిన్న డబ్బాకు ఇంత వేడి రాదు. అందుకే అందులో తెగులు పట్టిన మొక్కలు, కుక్క పిల్లుల మలం వేయకూడదు. వానపాములకు ఆ డబ్బా బాగుంటుంది, ఎందుకంటే ఎర్ర వానపాములకు 15–25 డిగ్రీలే హాయి. ఉడుకుతున్న కుప్పలో వాటిని వదిలితే చచ్చిపోతాయి.

ఈ పొరలు వేయడం, తిరగేయడం పాత విద్యే. దాన్ని కొలతలతో ఒక పద్ధతిగా కూర్చినవారిలో శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ ముఖ్యులు. 1920లలో ఇండోర్‌లో పంట వ్యర్థాలు, పేడ, మట్టి కలిపి సుమారు మూడు నెలల్లో ఎరువు తీసి, 1931లో ఆ వివరాలు ప్రచురించారు.

వేడి తగ్గగానే తీసి వాడేయాలని తొందర పుడుతుంది. అప్పటికి ఎరువు పచ్చిదే. మిగిలిన కార్బన్‌ను తినడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్కలు పసుపు పడతాయి. కనీసం ఒక నెల మాగనివ్వాలి. తొలకరి మట్టి వాసన వస్తే ఆక్టినోమైసిటీస్ అనే రకం బాక్టీరియా పని చేశాయన్నమాట.

ఒక్క చిక్కు మాత్రం వేడికీ, కాలానికీ సులభంగా లొంగదు. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి కలుపు మందులు చల్లిన గడ్డిని పశువులు మేసినా, ఆ మందు పేడలో మిగులుతుంది, కంపోస్టయ్యాక కూడా పోకపోవచ్చు. బయటి నుంచి గడ్డి, పేడ తెచ్చుకునేవాళ్లు ఎరువు కలిపిన కుండీలో నాలుగు చిక్కుడు గింజలు, మామూలు మట్టి కుండీలో నాలుగు వేసి రెండు మూడు వారాలు చూడాలి. ఎరువు కుండీలోనే లేతాకులు ముడుచుకుపోతే ఆ ఎరువు కూరగాయల మడికి వేయొద్దు.